అమ్మమ్మ ఎంచుకున్న ఇనప పొయ్యి

నా చిన్నప్పుడు మేము బహ్రెయిన్‌లోని బుదైయాలో ఒక ఖర్జూరపు తోటలో ఉండేవాళ్ళం. మా నాన్న ఆ తోటకూ, చుట్టుపక్కల మరికొన్ని తోటలకూ నీటి పంపులు చూసేవాడు. తోట యజమాని మాకు ఉండడానికి తోట చివర ఒక పాత ఇల్లు ఇచ్చాడు. ఒకే ఒక పెద్ద గది, ముందొక వసారా, పక్కన వంటకు రేకుల పాక. సముద్రపు రాయితో కట్టిన ఆ మందపాటి గోడలు వేసవిలో మమ్మల్ని కాపాడేవి గానీ చలికాలం వచ్చిందంటే మా మీద పగ పట్టినట్టు ఉండేవి. బహ్రెయిన్ అంటే ఎండలే అనుకుంటారు చాలామంది. జనవరిలో సముద్రం మీది నుంచి ఉత్తరపు గాలి మొదలై, దానికి వాన కూడా తోడైతే ఆ గోడలు చెమ్మ పీల్చుకుని మంచుగడ్డల్లా తయారయ్యేవి. కప్పుకునే దుప్పటి కూడా తడిగా తగిలేది.

ఒకసారి నాన్న కరెంటు హీటరు తెచ్చి పెట్టాడు. తోటకు వచ్చే లైను అసలే బలహీనమైనది. హీటరు వేసిన కాసేపటికే ఫ్యూజు కొట్టేసి మా ఇంట్లో దీపంతో పాటు తోటలో పంపులు కూడా ఆగిపోయాయి. యజమాని పెద్దగా ఏమీ అనలేదు గానీ ముఖం మాడ్చుకున్నాడు. హీటరు మళ్ళీ అట్టపెట్టెలోకి వెళ్ళిపోయింది.

ఆ చలికాలంలోనే మా చెల్లి పుట్టింది. నెలలు నిండకుండా పుట్టడంతో పిట్టపిల్లలా ఉండేది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు బిడ్డను వెచ్చగా ఉంచాలని మరీ మరీ చెప్పారట. పురుడు పోయడానికి గోదావరి జిల్లా నుంచి అమ్మమ్మ వచ్చింది. మా ఊరి వైపు ఎవరింట్లో కానుపైనా అమ్మమ్మను పిలిచేవారు. బాలింతకు పథ్యం, బిడ్డకు స్నానం, సాంబ్రాణి ధూపం, అన్నీ ఆమె చెప్పినట్టే జరగాలి. ఆమె ఎవరినైనా సలహా అడగడం నేను అప్పటిదాకా చూడలేదు. అందరూ ఆమెనే అడిగేవారు. ఆమె మాటకు ఎదురు చెప్పే ధైర్యం మా నాన్నకు కూడా ఉండేది కాదు.

ఇక్కడివాళ్ళు చలికాలంలో ఆరుబయట కూర్చుని బొగ్గులు కాల్చుకునే ఇనప కుంపటి ఒకటి తోటలో పడి ఉంది. అమ్మమ్మ దాన్ని తోమి, బొగ్గులు పోసి, వసారాలోనే రాజేసి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చేది. పొగ పోయేదాకా లోపలికి రానిచ్చేది కాదు. పొగ పసిబిడ్డ కళ్ళకు మంచిది కాదని ఆమె పట్టుదల. కిటికీ ఓరగా తెరిచి ఉండేది కాబట్టి కొన్నాళ్ళు ఏమీ కాలేదు. గది వెచ్చబడింది. చెల్లి ఒళ్ళు చేసింది. అమ్మ ముఖం కళకళలాడింది. అమ్మమ్మ ఉండగా మాకేమీ కాదని నేను నిశ్చింతగా ఉండేదాన్ని.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. బడి బస్సు రోడ్డు మీద దింపితే పుస్తకాల సంచీ నెత్తిన పెట్టుకుని తోటలోంచి పరుగెత్తుకుంటూ వచ్చాను. నాన్న పక్క తోటలో పంపు బాగుచేయడానికి వెళ్ళాడు. మా గది తలుపు మూసి ఉంది. కిటికీ కూడా మూసి ఉంది. తలుపు కింద సందులో లోపలి నుంచి అమ్మమ్మ పాత చీర అంచు కుక్కి ఉండడం కనిపించింది. చెల్లి నిద్రపోతూ ఉంటుందని చప్పుడు కాకుండా తోశాను.

లోపల ఎంత వెచ్చగా ఉందో! బయటి చలిలోంచి వచ్చిన నాకు ప్రాణం లేచి వచ్చింది. గది మధ్యలో కుంపటి నిప్పు కణకణలాడుతోంది. పొగ లేదు, వాసన లేదు. మంచం మీద చెల్లి పక్కన అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. ఆమె బుగ్గలు గులాబీ రంగులో మెరుస్తున్నాయి. మా అమ్మ ఇంత అందంగా ఉంటుందా అనుకున్నాను. ఆ ఎరుపు ఆరోగ్యం కాదని, బొగ్గుల్లోంచి వచ్చే విషవాయువు పట్టినవాళ్ళలో కొందరి చర్మం అలా ఎర్రబడుతుందని తర్వాత డాక్టరు చెబితే తెలిసింది.

అమ్మమ్మ గోడకు చేరగిలబడి ఉంది. తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. ఒళ్ళో సగం కుట్టిన చెల్లి టోపీ. నేను తలుపు మూసేసి, చీరను మళ్ళీ సందులోకి నెట్టి, కుంపటి దగ్గర చేతులు కాచుకుంటూ కూర్చున్నాను. ఆకలిగా ఉందని మెల్లగా చెప్పాను. అమ్మమ్మ పలకలేదు. మరోసారి పిలిచాను. పెదవి చివర చొంగ కారుతోంది. పిట్ట రెక్కల చప్పుడుకే లేచే మనిషి ఆమె. నాకు భయం వేసింది. లేచి అమ్మను కుదపాలనుకున్నాను. కాళ్ళు నావి కానట్టు ఉన్నాయి. తల లోపల ఎవరో రోలు తిప్పుతున్నట్టు ఉంది. భయపడుతున్నానని తెలుస్తోంది గానీ ఆ భయం కూడా ఎక్కడో దూరంగా, మరెవరికో కలుగుతున్నట్టుగా ఉంది. ఇంకాసేపు అలాగే ఉండి ఉంటే నేనూ ఆ పక్కనే ఒరిగిపోయి ఉండేదాన్ని.

సరిగ్గా అప్పుడే తోట యజమాని తల్లి వచ్చింది. మేమంతా ఆమెను పెద్దావిడ అనేవాళ్ళం. బాలింత కోసమని తియ్యటి హల్వా చేసుకుని గిన్నెతో తలుపు తోసింది. గుమ్మంలోనే ఆగిపోయింది. కుంపటిని చూసింది, మంచాన్ని చూసింది. గిన్నె ఆమె చేతిలోంచి జారిపోయింది. నల్లటి బట్టల్లో మెల్లగా, కర్ర ఊతంతో నడిచే ఆ ముసలావిడ ఒక్క అంగలో మంచం దగ్గరికి ఎలా వెళ్ళిందో నాకిప్పటికీ అర్థం కాదు.

“బర్రా! బర్రా!” అని అరిచింది. బయటికి, బయటికి అని.

చెల్లిని ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో నా జడ పట్టుకుని ఈడ్చింది. నేను వానలో, బురదలో బోర్లా పడ్డాను. ఆమె అరుపులకు తోట పనివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అమ్మను దుప్పటితో సహా ఎత్తి బయట పడుకోబెట్టారు. అమ్మమ్మను ఇద్దరు చంకల కింద చేతులు వేసి లాక్కొచ్చారు. ఆమె తెల్ల జుట్టు విడిపోయి బురదలో ఈడ్చుకుపోతోంది. నేను అమ్మమ్మ జుట్టు ముడి విడిపోగా చూడడం అదే మొదటిసారి. పెద్దావిడ తడి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని చెల్లి వీపు రుద్దుతోంది, ముఖం మీద ఊదుతోంది, ఏవో దువాలు గొణుగుతోంది. చెల్లి ఏడవలేదు. వాన చినుకులు ఆ చిన్న ముఖం మీద పడుతున్నా కళ్ళు తెరవలేదు. నేను కక్కుకుంటూ ఆ ముఖం వైపే చూస్తున్నాను. ఎంతసేపని చెప్పను? ఆ తర్వాత సన్నగా, పిల్లికూన అరిచినట్టు ఒక ఏడుపు వినిపించింది. పెద్దావిడ ఆకాశం వైపు చూసి బావురుమంది.

ఆసుపత్రిలో మా నలుగురికీ మూతికి గొట్టాలు పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. నాన్న గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. డాక్టరు ఆయనతో చెప్పింది నా మంచానికి వినపడింది. బొగ్గులు కాలుతున్నంతసేపూ విషవాయువు పుడుతూనే ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు, పొగ కనిపించనంత మాత్రాన అది లేదని కాదు, మూసిన గదిలో అది నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. నాన్న అంతా విన్నాడు. తర్వాత అమ్మమ్మ మంచం దగ్గరికి వెళ్ళాడు. జీవితంలో ఒక్కసారే ఆయన ఆమెతో అలా మాట్లాడడం విన్నాను.

“తలుపు సందు కూడా ఎందుకు మూశారండీ అత్తయ్యగారూ?”

అన్నిటికీ జవాబు ఉండే మనిషి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ మౌనం చూసి నేను బిత్తరపోయాను. పెద్దవాళ్ళకు కూడా తెలియనివి ఉంటాయని, వాళ్ళ చేతులతో కూడా ఇలాంటివి జరుగుతాయని ఆ క్షణం దాకా నాకు తెలియదు. కాళ్ళ కింద నేల ఉందనుకుని అడుగు వేస్తే లేనట్టు అనిపించింది.

ఇంటికి వచ్చాక అమ్మ నన్ను దగ్గరకు పిలిచి, ఎవరైనా అడిగితే అమ్మకు నీరసం వచ్చి కళ్ళు తిరిగాయని చెప్పమంది. అమ్మమ్మ పరువు పోకూడదని ఆమె తాపత్రయం. నాన్న కూడా సరేనన్నాడు. అమ్మమ్మ వినీ విననట్టు చెల్లి గుడ్డలు మడతపెడుతూ ఉండిపోయింది. ఆమె ఊరికి వెళ్ళిపోతానంటుందేమో అనుకున్నారు అమ్మా నాన్నా. మర్నాడు పొద్దున్నే ఆమె చీర మార్చుకుని, జుట్టు ముడి వేసుకుని నాన్న ముందు నిలబడింది.

“అల్లుడుగారూ, బిడ్డకు వెచ్చదనం కావాలి. కరెంటుది ఇక్కడ పనిచేయదు. పొగ, విషం అన్నీ బయటికి పోయేట్టు గొట్టం ఉన్న పొయ్యి ఏదైనా దొరుకుతుందా? నాకు వాటి గురించి తెలీదు. తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.”

నాకు తెలీదు అన్న మాట ఆమె నోట వినడం ఆసుపత్రిలో ఆమె మౌనం కంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది.

జిదాఫ్స్ బజారులో చలికాలపు సామాను అమ్మే దుకాణం ఒకటి ఉండేది. ఎడారిలో గుడారాలు వేసుకునేవాళ్ళు అక్కడే కొనేవారు. అమ్మను, చెల్లిని పెద్దావిడ తన ఇంట్లో పెట్టుకుంది కాబట్టి నన్ను వెంట తీసుకెళ్ళారు. దుకాణం నడిపేది ఒక పఠాన్ భాయ్. కొండ ప్రాంతం మనిషి. వాళ్ళ ఊళ్ళో మంచు పడుతుందట, ఇనప పొయ్యి లేని ఇల్లు ఉండదట. అమ్మమ్మ తెలుగులో అడుగుతుంటే నాన్న హిందీలోకి మార్చి చెప్పేవాడు.

నాన్న మాత్రం లోపలికి అడుగుపెట్టగానే అన్నిటికంటే పెద్ద పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. ముందు అద్దం తలుపు, నల్లటి నిగనిగ. చూస్తేనే చలి పారిపోయేట్టు ఉంది. ధర కూడా దానికి తగ్గట్టే ఉంది. చేబదులు తీసుకునైనా అదే కొంటానన్నాడు. భయం ఆయన చేత అలా మాట్లాడించింది. భాయ్ బేరం వదులుకోలేక తలూపుతాడని నేననుకున్నాను. ఆయన ముందు మా గది ఎంత ఉంటుందని అడిగాడు. నాన్న చేతులతో చూపించాడు.

“ఆ గదికి ఇది ఎందుకు భాయ్? వేడి ఎక్కువైపోతుంది. అప్పుడు గాలి తగ్గించి మంట అణుస్తారు. అణిగిన మంట సరిగా కాలదు, పొగ పెడుతుంది. గొట్టం నిండా మసి. కట్టెలూ దండగ,” అన్నాడు. చిన్న పొయ్యిలో మంటను నిండుగా మండనిస్తే కట్టె తక్కువ తింటుంది, వేడి ఎక్కువ ఇస్తుంది అని వివరించాడు.

అమ్మమ్మ ఒక్కో మాటా నాన్న చేత రెండోసారి చెప్పించుకుంది. అర్థం కానిది అర్థం కాలేదంది. దుకాణంలో మరో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఈ ముసలమ్మ ఇన్ని ప్రశ్నలు వేస్తోందేమిటని చూస్తున్నారు. ఆమెకు పట్టలేదు. పెద్దావిడ తోటలో ఎండిన బాదం కొమ్మలు, రేగు కొమ్మలు చాలా ఉన్నాయి, అవి వాడొచ్చా అని అడిగింది. వాడొచ్చు గానీ ఏడాది పాటు నీడన ఆరినవే వాడాలన్నాడు భాయ్. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే ఖంగున మోగాలి, మొద్దుగా చప్పుడైతే లోపల ఇంకా తడి ఉన్నట్టు. రంగు వేసిన చెక్క, పెట్టెల చెక్క ఎప్పుడూ పెట్టొద్దన్నాడు. 

చివరికి మా గదికి సరిపోయేవి రెండు తేలాయి. ఒకటి కొత్తది, చవకైనది, ఎర్ర రంగు పూసి ఉంది. రెండోది మూల పడి ఉన్న పాత పొయ్యి. ఒకరు ఊరు వెళ్ళిపోతూ అమ్మేసి వెళ్ళారట. తుప్పు మరకలతో చూడ్డానికి చీదరగా ఉంది. నాన్న కొత్తదాని మీద చేయి వేశాడు. ఒకసారి మోసపోయిన మనిషిలా అమ్మమ్మ మాత్రం రెండిటి చుట్టూ తిరుగుతోంది. ఇందులోంచి విషం బయటికి రాదని నాకెలా తెలుస్తుంది అని అడిగింది. కంటికి కనపడనిదాన్ని ఎలా చూడాలి?

భాయ్ నవ్వలేదు. దుకాణం షట్టరు సగం దింపి, దీపం ఆర్పేశాడు. కొత్త పొయ్యికి గొట్టం పెట్టే కన్నాన్నీ, గాలి కన్నాలనూ గుడ్డతో మూసి, టార్చి వెలిగించి లోపల పెట్టి తలుపు బిగించాడు. మేము చీకట్లో నిలబడి చూశాం. ఆ ఎర్రటి పొయ్యి అతుకుల్లోంచి, తలుపు చుట్టూ, అడుగు నుంచి వెలుతురు సన్నటి గీతలుగా బయటికి కారుతోంది. ఆ వెలుతురు వచ్చే దారులన్నిటి నుంచీ ఆ రోజు మా గదిలో ఉన్నది వస్తుందని నాకు చెప్పకుండానే తెలిసింది. నాన్న తన చేతిని ఆ పొయ్యి మీది నుంచి చురుక్కుమన్నట్టు తీసేశాడు.

తర్వాత అలాగే కన్నాలు మూసి టార్చి పాత పొయ్యిలో పెట్టాడు. అతుకులు మూసుకునే ఉన్నాయి. తలుపు ఒక పక్క మాత్రం కొంచెం వెలుతురు కనిపించింది. భాయ్ దీపం వేసి, తలుపు చుట్టూ ఉన్న మందపాటి తాడు అరిగిపోయిందని, అది మంటకు తట్టుకునే తాడని, కొత్తది వేసిస్తానని చెప్పాడు. వేశాక ఒక కాగితం ముక్క తలుపులో పెట్టి మూసి, అమ్మమ్మను లాగమన్నాడు. కాగితం రాలేదు. తలుపు నాలుగు పక్కలా అలాగే లాగి చూసింది. ఏ పక్కా రాలేదు. మళ్ళీ దీపం ఆర్పమంది. ఈసారి చీకటి చీకటిగానే ఉంది. అప్పుడే ఆమె ఆ పొయ్యి తీసుకుందామంది. పాతది కావడంతో ధర కూడా నాన్నకు భారం కాలేదు. మిగిలిన డబ్బు మందమైన గొట్టానికి పెట్టమంది.

పొయ్యిని నాన్న గోడకు దూరంగా, ఇనప రేకు మీద నిలబెట్టాడు. గొట్టం వంకర్లు లేకుండా నిటారుగా కప్పు దాటించి, ఇంటి కొప్పు కంటే ఎత్తుకు తీసుకెళ్ళి, వాన పడకుండా పైన టోపీ పెట్టాడు. అంతకు ముందే ఆరుబయట ఒకసారి మండించి కొత్త తాడు వాసనంతా పోనిచ్చాడు. గదిలో మొదటిసారి వెలిగించిన రోజు అమ్మమ్మ ఎవరినీ లోపలికి రానివ్వలేదు. కిటికీ ఓరగా తెరిచి తానొక్కతే పొయ్యి పక్కన కూర్చుంది. నాన్న గుమ్మంలో నిలబడి మాటిమాటికీ తలనొప్పిగా ఉందా అత్తయ్యగారూ, వాంతి వచ్చేట్టు ఉందా అని అడిగాడు. మధ్యాహ్నం దాకా అలా గడిచాక ఆమె లేచి బయటికి వచ్చి, ఇప్పుడు నా మనవరాలిని తీసుకురండి అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశాను. నాన్న చటుక్కున ఆమె కాళ్ళ దగ్గర వంగి, ఆసుపత్రిలో అలా అన్నందుకు ఏమనుకోవద్దన్నాడు. అనవలసిన మాటే అన్నారంది ఆమె.

ఇక్కడితో అయిపోతే ఇదొక పొయ్యి కథ అయ్యేది. ఆ శుక్రవారం జరిగింది వేరు.

మా తెలుగు క్రైస్తవ సంఘం శుక్రవారాలు ప్రార్థనకు కూడుకునేది. కోస్తా వాళ్ళం, తెలంగాణ వాళ్ళం, కుటుంబాల వాళ్ళం, కంపెనీల కార్మికుల క్యాంపుల్లో ఉండేవాళ్ళు, అందరం కలిసి. బిడ్డా తల్లీ క్షేమంగా ఉన్నందుకు ఇంటి పెద్దగా అమ్మమ్మను సాక్ష్యం చెప్పమన్నారు, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పమని. అమ్మకు నీరసం వచ్చి కళ్ళు తిరిగాయనే అందరికీ తెలుసు. రెండు మాటల్లో కృతజ్ఞత చెప్పి కూర్చుంటుందని అమ్మ ధీమాగా ఉంది. అమ్మమ్మ ముసుగు సర్దుకుని లేచి నిలబడింది.

“దేవుడు కాపాడాడు. కాదనను. కానీ ఆపద ఎవరు తెచ్చారో దాచిపెట్టి, కాపాడినవాడి మాట ఎలా చెప్పనండీ? మా అమ్మాయికి నీరసం రాలేదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టింది నేను. తలుపు సందులో చీర కుక్కింది నేను. పొగ లేదు కదా, ఏమీ కాదులే అనుకున్నాను. మా పెంకుటింట్లో ఎటు చూసినా సందులే, గాలి దానంతటదే వచ్చేది. ఇక్కడ నేను దాన్ని రానివ్వలేదు. ఎన్ని పురుళ్ళో చూసినదాన్ని, ఈ సంగతి నాకు తెలీదు. నా బిడ్డలు ముగ్గురూ, నేనూ, నలుగురం...”

అమ్మ తల వంచుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గేసింది. అమ్మమ్మను చేయి పట్టుకుని కూర్చోబెట్టాలనిపించింది. ఇంత పెద్ద మనిషి, ఇంతమంది ముందు, ఎవరూ అడగకుండానే తనను తాను ఇలా నిలబెట్టుకుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

వెనక వరుసలో ఒక అన్న లేచి నిలబడ్డాడు. మామీర్‌లో ఫ్యాక్టరీల పక్కన క్యాంపులో ఉంటాడు. జగిత్యాల వైపు మనిషి. అతని ముఖం పాలిపోయి ఉంది.

“అమ్మా, మేం గూడ గట్లనే జేస్తున్నం. సలికి తాళలేక నూనె డబ్బాల బొగ్గులు ముట్టిచ్చి రూములనే పెట్టుకుంటున్నం. కిటికీకి దుప్పటి గట్టినం. పొద్దుగాల లేస్తే అందరికీ తలకాయలు పగులుతున్నయ్. ఇయ్యాల మావోడొకడు డ్యూటీకి గూడ లేవలే. సలి జొరం అనుకున్నం. ఇప్పుడు గూడ రూముల పండుకునే ఉండు.”

అతను చెప్పడం ముగించక ముందే నాన్న లేచాడు. ఇంకొకరు కారు తాళాలు తీశారు. ముగ్గురు నలుగురు ఆ అన్నతో పాటు బయటికి పరుగెత్తారు. మేమంతా హాల్లోనే ఉండిపోయాం. ఎవరూ పాట ఎత్తుకోలేదు. ప్రార్థన కూడా గొంతు బయటికి రాకుండా చేశారు. అమ్మమ్మ నిలబడినది నిలబడినట్టే ఉంది. ఎవరో కుర్చీ వేస్తే వద్దంది.

చాలాసేపటికి ఫోన్ మోగింది. డబ్బా అప్పటికీ రాజుతూనే ఉందట. మనిషికి స్పృహ లేదట, ఊపిరి మాత్రం ఉందట. క్యాంపు గేటు దాటించి ఆసుపత్రిలో చేర్చారు. అతను బతికాడు. ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేమన్నారట డాక్టర్లు. ఆ వార్త చెప్పగానే అమ్మమ్మ మెల్లగా నేల మీద కూలబడిపోయింది. అమ్మ వెళ్ళి ఆమెను కావలించుకుంది. ఇద్దరూ ఏడుస్తుంటే ఎవరూ ఆపలేదు.

ఆ తర్వాత వారం సంఘం వాళ్ళు ఆ క్యాంపు గదికి మంచి దుప్పట్లు, నూనెతో వెచ్చబడే కరెంటు హీటరు ఇచ్చారు. అక్కడ లైను బాగానే ఉంది. కోలుకున్న అతను ఒక శుక్రవారం మా తోటకు వచ్చాడు. చిన్న వయసు, ఇంకా మీసాలు సరిగా రాలేదు. అమ్మమ్మ కాళ్ళకు దండం పెట్టబోతే ఆమె పట్టుకుని లేపి, ముందు అన్నం తినమంది. తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని అతని వైపే చూసింది.

అమ్మమ్మ వీసా అయిపోయి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. చెల్లి ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. నేను ఇక్కడే పెరిగి, ఇక్కడే పెళ్ళి చేసుకుని, ఇక్కడే ముసలిదాన్నవుతున్నాను. ఈ రోజుల్లో ఆ విషవాయువును పసిగట్టి మోగే చిన్న అలారాలు దొరుకుతున్నాయి. పొయ్యి కొనేవాళ్ళు నన్ను అడిగితే గది కొలిచి చిన్నదే కొనమంటాను, తలుపు బిగువు చూసుకోమంటాను, గొట్టం దగ్గర పిసినారితనం వద్దంటాను, పక్కనే అలారం పెట్టుకోమంటాను. ఇవన్నీ ఎవరైనా చెప్పగలరు.

నేను ఆ శుక్రవారం నుంచి మోసుకొస్తున్నది ఇంకొకటి ఉంది. అది అంత సులువైంది కాదు. పోయిన చలికాలం సంఘం వాళ్ళం అందరం ఎడారిలో గుడారాలు వేసుకున్నాం. కొత్తగా వచ్చిన ఒక జంట పసిపిల్లను పడుకోబెట్టి, పక్కనే బొగ్గుల పళ్ళెం పెట్టి, గుడారం తెర దించేసుకున్నారు. నేను వెళ్ళి తెర ఎత్తాను. ఆ అమ్మాయికి కోపం వచ్చింది.

“ఏంటి ఆంటీ, మాకు తెలీదా? పొగ అసలు లేదు కదా!” అంది.

తెలిసినదానిలా కసురుకుని వచ్చేయడం తేలిక. నోరు మూసుకుని వచ్చేయడం ఇంకా తేలిక. నేను ఆమె పక్కన ఇసుకలో కూర్చున్నాను. మా ఇంట్లో ఏం జరిగిందో, ఎవరి చేతులతో జరిగిందో, నేను ఆ గదిలోకి వెళ్ళి అమ్మను చూసి ఏమనుకున్నానో, తలుపు ఎలా మళ్ళీ మూశానో, ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె భర్త లేచి పళ్ళెం బయటికి తీసుకుపోయాడు. ఆమె పాపను ఎత్తుకుని, నా చేయి పట్టుకుని చలిగాలిలోకి వచ్చింది.